నటుని దేహము: గ్రొటోవ్‌స్కీ నాట్యప్రయోగములు

నాటకమును దృశ్యకావ్యమని మనవారు పేర్కొనిరి గాని, తెలుగు రంగస్థలమున అది నూఱేండ్లకు పైగా శ్రవ్యముగనే బ్రదికినది. పద్యము, రాగము, హార్మోనియము ఈ మూటికిని నటుని కంఠము ఊడిగము చేయుచుండగా, తక్కిన దేహము వేదికమీద నిలుచుండి ఆ కంఠమునకు కావలి కాచినది. ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అని కేకవేయగా, చనిపోయి పడియున్న పాత్ర లేచివచ్చి పద్యమును తిరిగి పాడి మరల చనిపోయిన ముచ్చటలు మన పెద్దలందఱు చెప్పుకొన్నవే. కంఠమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆ పద్యమే లేకున్నచో, తెలుగుగడ్డను విడిచి తరములు గడచిన మనవంటి వారి యిండ్లలో భాష ఇంతమాత్రమైనను నిలిచియుండెడిది కాదు. కాని భరతుడు అభినయమును ఆంగిక వాచిక ఆహార్య సాత్త్వికములని నాలుగుగా విభజించి, ఆంగికమునే మొదట నిలిపినాడు. నాట్యమున దానిని భద్రముగా కాపాడుకొని, నాటకమున మాత్రము చేజేతుల విడిచిపెట్టినవారము మనము.

ఈ యాంగికమును గూర్చి ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున మిక్కిలి లోతుగా శోధించినవాడు పోలండు దేశీయుడగు యెర్జీ గ్రొటోవ్‌స్కీ. ఈతని పేరు చెప్పగనే నాటకాభిమానులు కొందఱు 'పేదరంగస్థలము' అను మాటను తలచుకొని ఊరకుందురు. ఆ మాటవలన జరిగిన మేలెంతో, అపార్థమును అంతే.

గ్రొటోవ్‌స్కీ 1933 ఆగస్టు 11వ తేదీన ఆగ్నేయ పోలండులోని జెషూఫ్ పట్టణమున జన్మించెను. 1939లో యుద్ధము రాగా తండ్రి దేశము విడిచిపోయి మరల రాలేదు. బడిపంతులమ్మయైన తల్లి ఎమీలియా ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని ఒక పల్లెలో తలదాచుకొన్నది. ఆ కఱవు రోజులలోనే ఆమె పట్టణమునకు పోయి పిల్లలకు పుస్తకములు కొనితెచ్చెడిది. అట్లు తెచ్చినవానిలో ఒకటి పాల్ బ్రంటన్ అను ఆంగ్లేయుడు తన భారతదేశ సంచారమును గూర్చి వ్రాసిన గ్రంథము. అందు తిరువణ్ణామలైలోని రమణమహర్షి వృత్తాంతమున్నది. పదేండ్లైనను సరిగా నిండని ఆ బాలునికి ఆ పఠనము జ్వరము వచ్చినంత కలవరము కలిగించినదట. 'నేనెవడను' అను ప్రశ్న నాటినుండి అతనిని విడువలేదు. అరుణాచలమందలి ఆ బ్రాహ్మణస్వామికి 1907లో రమణమహర్షి యను పేరు పెట్టినది బొబ్బిలి ప్రాంతమునుండి వచ్చిన మన కావ్యకంఠ గణపతిముని యని తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పేరు యుద్ధకాలపు పోలండు పల్లెలో ఒక పిల్లవాని చెవిని బడి, నలుబది యేండ్ల రంగస్థల చింతనకు బీజమగుట చిత్రమే. 1999 జనవరి 14న ఇటలీలో గ్రొటోవ్‌స్కీ మరణించిన తరువాత, అతని కోరిక ననుసరించి చితాభస్మమును అరుణగిరిపై వెదజల్లిరి. తమిళనాటి తెలుగువారు గిరిప్రదక్షిణము చేయునప్పుడు ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

క్రాకో నగరమున 1951 మొదలు 1955 వఱకు నటనావిద్య నభ్యసించి, పిదప ఒక సంవత్సరము మాస్కోలో జవాద్‌స్కీ యొద్ద దర్శకత్వము నేర్చెను. స్తానిస్లావ్‌స్కీ తన చివరిదినములలో ఆరంభించి పూర్తిచేయక విడిచిన శారీరక క్రియల పద్ధతి, మేయర్‌హోల్డ్ కనిపెట్టిన దేహయంత్రశిక్షణ ఈ రెండును అక్కడనే అతనికి పట్టుపడినవి. 1959లో ఓపోలే అను చిన్నపట్టణమునందు 'పదుమూడు వరుసల నాటకశాల' అను పేరుగల చిన్నశాల అతని చేతికి వచ్చెను. లుడ్విక్ ఫ్లాషెన్ అను విమర్శకుడు అతనికి సాహిత్యసచివుడుగా తోడైనాడు. సాహిత్య విమర్శకుడు శాలలోనే కూర్చుండి ప్రతి ప్రయోగమునకును ఎదురుప్రశ్న వేయుచుండుట ఎంత యదృష్టమో, ప్రదర్శన ముగిసిన మరునాడు పత్రికలో చదువుకొను అలవాటుగల మనవారికి తెలియదు.

ఆ శాలలో 1960 డిసెంబరున కాళిదాసుని శాకుంతలము ఆడబడినది. మన కావ్యము పరదేశమున ప్రదర్శింపబడినదని పొంగిపోవుటకు ముందు ఆ ప్రదర్శన స్వభావమును గమనింపవలెను. అది భారతీయ నాట్యమును చూపుటకు చేసిన ప్రయత్నము కాదు. ఐరోపావారు తమ ఊహలలో కల్పించుకొన్న ప్రాచ్యనాట్యమును కొంత ఎగతాళిగా చూపుటకు చేసినది. వేషముల నమూనాలు చిన్నపిల్లలు గీసినవి. భరతుని హస్తముద్రల వంటి సంకేతభాష నొకదానిని ఐరోపా నటునికి కల్పింపవచ్చునా యనునది అతని ప్రశ్న. నటులు తెచ్చిన సంకేతములన్నియు చివరకు అరిగిపోయిన హావభావములుగనే తేలినవి. ఈ విఫలతయే అతని తరువాతి మార్గమును నిర్ణయించినదని నా అభిప్రాయము. ముద్ర యనునది పైనుండి తొడిగిన యాభరణము కాదనియు, వెనుక శతాబ్దుల సాధనయు, సమాజము యొక్క అంగీకారమును లేక అది వట్టి చేతివంకరయే యగుననియు అతడు గ్రహించెను. పరాయివారి లిపిని అరువు తెచ్చుకొనుట మాని, మానవదేహమున భాషకు పూర్వమే యున్న లిపిని వెదకుటకు పూనుకొనెను. మన విద్యను గౌరవించుటకు ఇంతకంటె నిజాయితీగల తెన్ను లేదు.

ప్రేక్షకుల స్థానమును గూర్చి అతడును, గురావ్‌స్కీ యను వాస్తుశిల్పియు చేసిన మార్పులు లోకప్రసిద్ధములే గనుక వానిని తడవి విడిచెదను. ఒక నాటకమున చూపరులు పిచ్చాసుపత్రి మంచములపై కూర్చుండిరి. 1963నాటి ఫాస్టస్‌లో విందుబల్లల చుట్టు అతిథులైరి. ఇవి ఆనాడు వింతలు. ఇప్పుడు ప్రతి నాటకోత్సవమునను కాననగును.

1962లో ప్రయోగించిన 'అక్రోపొలిస్' అంత తేలికగా విడువదగినది కాదు. మూలము విస్ప్యాన్‌స్కీ రచించిన పోలిష్ నాటకము. క్రాకో నగరపు కోటలోని దేవాలయమున, ఈస్టరు పండుగ రాత్రి, గోడతెరలపై బొమ్మలు ప్రాణము పోసుకొని బైబిలు కథలను, గ్రీకు కథలను ఆడుట అందలి వస్తువు. గ్రొటోవ్‌స్కీ ఆ దేవాలయమును తీసివేసి, దానికి మారుగ ఆష్విట్జ్ మరణశిబిరమును నిలిపెను. ఆ శిబిరమున ఖైదీగా బ్రదికి బయటపడిన యోజెఫ్ షాయ్నా యను చిత్రకారుడే దుస్తులను, ఉపకరణములను సమకూర్చినాడు. నటులకు చిల్లులుపడిన గోనెలు, కొయ్య అడుగుల జోళ్లు. ప్రదర్శన జరుగుచుండగనే వారు పొగగొట్టములను మోసికొనివచ్చి, చూపరుల మధ్యనే దహనశాలను కట్టుదురు; చివరకు తామే అందులోనికి దిగిపోవుదురు. ముఖమునకు రంగు లేదు. ముఖకండరములను మాత్రమే బిగించి, ప్రదర్శన మొదలు తుదివఱకు కదలని ముసుగులుగా చేసికొని నిలిపిరి. ఆ కొయ్యజోళ్ల చప్పుడే మృదంగము, ఆ కండరమే మైపూత. మన సురభి నాటకములలో మాయాబజారు వింతలను చూచి మైమఱచినవారికి, ఆహార్యము సర్వస్వమునకు ఇది పరమ విరుద్ధమైన కొస యని తోచును. సురభివారి కౌశలమును నేను తక్కువగా చూడను. అయినను సినిమా వచ్చిన తరువాత తెరలతోను, దీపములతోను దానితో పోటీపడుట నాటకమునకు కానిపని యని గ్రొటోవ్‌స్కీ చెప్పినది కాదనరానిది. తీసివేయదగినవన్నియు తీసివేయగా మిగులునది నటుడును, చూపరియు. వారిద్దఱి సాన్నిధ్యమే నాటకము. పేదరంగస్థలమనగా ఇదియే గాని, చందాలు పోగుకాని సంఘములకు దొరికిన సాకు కాదు.

ఇక అసలు విషయమునకు వత్తును. ఓపోలేలోను, 1965లో సంస్థ తరలిపోయిన వ్రొత్స్వావ్ నగరములోను దినమునకు గంటలకొలది జరిగిన శిక్షణయే గ్రొటోవ్‌స్కీ అసలు రచన. తొలి యేండ్లలో అది నైపుణ్యసంపాదనము. పల్టీలు, తలక్రిందులుగా నిలుచుట, మూకాభినయము, శ్వాసాభ్యాసము, యోగాసనములు. ఇది ఎట్లు చేయవలె నని నటుడు అడుగును, గురువు చూపును. కొలదికాలములోనే ఈ ప్రశ్న తలక్రిందైనది. దీనిని చేయకుండ నన్ను అడ్డగించుచున్నదేమి? ఇదియే నటుడు వేసికొనవలసిన క్రొత్త ప్రశ్న. విద్యలను కూడబెట్టుట కాదు, అడ్డములను తొలగించుట. దీనికి అతడు క్రైస్తవ వేదాంతమునుండి నిషేధమార్గమను అర్థముగల లాటిన్ పేరును గ్రహించినాడు. 'నేతి నేతి' యని వినిపెరిగిన మనకు ఇది క్రొత్తగా తోపదు. అరుణాచలపు ప్రశ్న దేహశిక్షణలోనికి దిగిన తీరు ఇదియే యని నాకు తోచును. మనస్సున ప్రేరణ పుట్టుటకును అది అవయవమున వెలువడుటకును నడుమ వ్యవధి యుండరాదు. దేహము ఆ ప్రేరణలో కాలిపోయి అడ్డుగా కనబడకుండ పోవలెను. చేయి కదలకముందే వెన్నెముకలో కదలిక పుట్టవలెననియు, చేతితో ఆరంభమైన అభినయము అబద్ధమనియు అతని సిద్ధాంతము.

యోగము విషయమున అతడు చెప్పినది మనవారు ప్రత్యేకముగా గమనింపదగినది. ఆసనములతో ఏకాగ్రత కలుగునుగాని, అది నటుని తనలోనికి ముడుచుకొనిపోవునట్లు చేసి అభివ్యక్తిని నిద్రపుచ్చుచున్నదని కొన్ని నెలల అనుభవముమీద కనుగొనెను. అందుచేత ఆసనములను పూర్తిగా మానక, వానిని ఎదుటివానితో, నేలతో, గాలితో సంభాషణగా మార్చెను. భారతదేశముపై అంత భక్తిగల మనుజుడు భారతీయవిద్య యని కన్నులు మూసికొని స్వీకరింపలేదు. నటునికి పనికివచ్చునంతవఱకే గ్రహించి, తక్కినది పక్కన పెట్టినాడు. యోగమును అన్నిటికి మందుగా చెప్పుకొను నేటి కాలమున ఈ వివేకము అరుదు.

కీళ్లకు సంబంధించిన అభ్యాసములు వేఱుగ నుండెడివి. మణికట్టు, మోచేయి, భుజము, మెడ, వెన్ను ఒక్కొక్కదానికి నిర్దిష్టమైన కదలికలు కలవు. అవి సంగీతమున స్వరముల వంటివి. స్వరస్థానము తప్పరాదు, కాని వాని క్రమము, వేగము, వానివెనుక కదలు జ్ఞాపకము ఎప్పటికప్పుడు క్రొత్తగ పుట్టవలెను. మనోధర్మసంగీత మెఱిగినవారికి ఇంతకంటె వివరింప బనిలేదు. కంఠమునకును అదే న్యాయము. ధ్వని గొంతునుండి మాత్రమే కాక ఱొమ్మునుండి, నడినెత్తినుండి, మెడవెనుకనుండి, వీపునుండి మ్రోగవలెనని సాధన చేయించిరి. కావున ఆంగికవాది యైన గ్రొటోవ్‌స్కీ వాచికమును విడిచినాడనుట పొరపాటు. వాచికమును దేహమునకు తిరిగి అప్పగించినా డనుట సరి.

ఈ సాధనకు పండిన పంట 1965 ఏప్రిలులో వెలువడిన 'స్థిరచిత్తుడగు రాజకుమారుడు'. కాల్డెరాన్ అను స్పానిష్ కవి నాటకమును స్వొవాత్స్కీ పోలిష్ భాషకు తెచ్చినాడు. గ్రొటోవ్‌స్కీ దానిని కుదించెను. మూరులకు చిక్కిన పోర్చుగీసు రాజకుమారుడు, తన విడుదలకై ఒక క్రైస్తవ నగరమును శత్రువులకు వదలుటకు అంగీకరింపక హింసలపాలై మరణించుట కథ. చూపరులు ఎత్తైన కొయ్యగోడ వెనుకనుండి, శస్త్రచికిత్సను దొంగతనముగా తిలకించువారివలె క్రిందికి వంగి చూడవలెను. హింసించువారికి బూట్లు, దొరల దుస్తులు. బందీకి గోచి మాత్రమే. ఆ బందీ రిషార్డ్ చెష్లాక్.

ఆ పాత్రలో అతని దేహము వెలుగు వెదజల్లినట్లుండె నని చూచినవారు వ్రాసిరి. అందఱును దానిని బాధయొక్క పరాకాష్ఠగా గ్రహించిరి. కాని చెష్లాక్ స్మరణార్థమై 1990లో ప్రసంగించుచు గ్రొటోవ్‌స్కీ ఒక రహస్యమును వెల్లడించెను. పాత్రను సిద్ధపఱచిన దీర్ఘకాలమున వారిద్దఱు బాధను గూర్చి గాని, వీరమరణమును గూర్చి గాని మాటలాడనే లేదట. చెష్లాక్ దేహము స్మరించినది యౌవనారంభమున తాను పొందిన తొలివలపు ననుభవమును. ఆ దినములందలి అతిసూక్ష్మమైన కదలికలను, శ్వాసలను ఒక్కొక్కటిగా తిరిగి కనుగొని, వానిని తీగపై పూసలవలె గ్రుచ్చి, ఆ వరుసమీద కవివాక్యమును నిలిపిరి. చూపరి కన్నీరు పెట్టినది శోకమునకు. నటుడు అనుభవించినది ఆనందము. సాత్త్వికాభినయమును గూర్చి మన ఆలంకారికులు వేసికొన్న పాతప్రశ్నకు, నటునికి రసానుభవము కలదా లేదా, ఉన్నచో ఏ రసము అనుదానికి, ఇంత సూటియైన ప్రయోగపూర్వక సమాధానము వేఱొకటి నాకు కనబడలేదు. రసము సామాజికునిది. నటునికి వేఱొక నిజము కావలెను. అది పాత్ర నిజము కానక్కఱలేదు.

ఇది ఆవేశమనుకొనరాదు. ఒక ప్రదర్శనమున తీసిన చిత్రమునకు, ఎడముగ జరిగిన వేఱొక ప్రదర్శనమున పట్టిన శబ్దమును జతపఱుపగా రెండును అతికినట్లు సరిపోయిన వని గ్రొటోవ్‌స్కీయే చెప్పియున్నాడు. అంతటి కట్టుదిట్టము లోపల అంతటి ప్రవాహము. తంజావూరు చేరువనున్న మెలట్టూరులో నరసింహజయంతికి మన తెలుగు ప్రహ్లాదనాటకమును చూచినవారికి పోలిక ఒకటి స్ఫురింపక మానదు. నరసింహవేషధారి ఉపవాసముండి, పూజలందుకొన్న ముఖమును ధరించి వచ్చును; ఆవేశము మితిమీరునేమో యని పక్కనివారు పట్టుకొనియుందురు. అక్కడ దైవము నటుని ఆవహించును, కట్టడి బయటివారి చేతులలో నున్నది. చెష్లాక్ విషయమున ఏ దైవమును లేదు, పట్టుకొనువారును లేరు. కట్టడి అతని కండరములలోనే యున్నది. రెంటిలో ఏది గొప్పయని తీర్పుచెప్పుట నా పని కాదు గాని, వేంకటరామశాస్త్రి తెలుగును నేటికిని ఆడుచున్న ఆ భాగవతులను పురావస్తువుగా కాక నటనావిద్యగా పరిశీలించు పరిశోధకుడు మన సంఘములనుండి వెలువడవలసియున్నది.

ఈతని ప్రభావము వ్యాపించిన తీరున భారతదేశమునకు పాలు కలదు. 1961 నుండి 1964 వఱకు ఓపోలేలో శిష్యుడుగ నుండిన ఇటలీ దేశీయుడు యూజెనియో బార్బా 1963లో కేరళ కళామండలమును దర్శించి, అక్కడి కథకళి బాలురు తెల్లవారుజామున చేయు నేత్రాభ్యాసములను, ముఖాభ్యాసములను కనులార చూచి ఓపోలేకు కొనిపోయెను. 1968లో 'పేదరంగస్థలము' గ్రంథమును కూర్చి ప్రకటించినది ఈ బార్బాయే. పీఠిక వ్రాసినది పీటర్ బ్రూక్. 1979లో బార్బా నాట్యమానవశాస్త్రమునకై అంతర్జాతీయ పాఠశాలను స్థాపింపగా, దానికి మొదటినుండియు మూలస్తంభముగ నిలిచిన నర్తకి సంయుక్తా పాణిగ్రాహి. ఒడిస్సీకి కీర్తితెచ్చిన ఆమె 1944లో జన్మించినది తెలుగువారు కిక్కిరిసియున్న గంజాం జిల్లా బరంపురమున నని ఒరిస్సా సోదరులకు జ్ఞాపకము చేయుచున్నాను. మన దేశమున వంగనాటకకర్త బాదల్ సర్కార్ కూడ గ్రొటోవ్‌స్కీ పద్ధతిని పరిశీలించి, తెరలు లేని తన మూడవ రంగస్థలమునకు కావలసినంత గ్రహించెను.

అనుకరణములను గూర్చి చెప్పక తప్పదు. 1969లో న్యూయార్కు ప్రదర్శనల తరువాత అమెరికాలోను, ఐరోపాలోను నేలపై పొర్లుచు, మూలుగుచు, గోచులు ధరించిన నటబృందములు అనేకములు పుట్టుకొనివచ్చినవి. వారు పుస్తకము చదివిరి గాని, ఆ యేండ్ల సాధన చేయలేదు. అభ్యాసమును ప్రదర్శనముగా చూపరాదని గ్రొటోవ్‌స్కీ ఎంత మొత్తుకొన్నను, వ్యాయామమే నాటకమైనది. ఈ దోషములో కొంత గురువుదికూడ. నటుని ఆత్మార్పణమును గూర్చి, పావిత్ర్యమును గూర్చి అతడు వాడిన భాష పూజారిభాష. ఆ భాష విన్న పదునెనిమిదేండ్ల యువకుడు శ్రుతిని మఱచి సమాధిని కోరుట సహజము.

అంతకంటె పెద్ద అభ్యంతరము నాది వేఱొకటి యున్నది. 1969నాటి 'అపోకలిప్సిస్' తరువాత గ్రొటోవ్‌స్కీ క్రొత్త నాటకమేదియు నిర్మింపలేదు. 1970లో భారతదేశ సంచారము చేసివచ్చి, నటుడు, ప్రేక్షకుడు అను భేదమే లేని కూడికలవైపు మరలెను. 1980లో వంగదేశపు బౌలుల యొద్ద గడపెను. పోలండులో 1981 డిసెంబరున సైనికశాసనము విధింపబడగా మరుసటి యేడు దేశము విడిచి, అమెరికాలో కొంతకాలముండి, 1986 నుండి ఇటలీలోని పొంతెదేరాలో థామస్ రిచర్డ్స్ మున్నగు కొలదిమంది శిష్యులతో ప్రాచీన గీతములపై, దేహక్రియలపై శోధన సాగించెను. అక్కడి క్రియ చూపరి కొఱకు కాదు, చేయువాని కొఱకు. రమణుని ప్రశ్న నడిగినవాడు ఈ చోటికి చేరుట అర్థము చేసికొనదగినదే. అయినను, నటుడును చూపరియు నను రెండే చాలునని లోకమునకు చాటినవాడు ఆ రెంటిలో ఒకరిని వెలుపలకు పంపివేసినాడు. ఇది నాటకవిద్యకు నష్టమే యని నేను తలచుచున్నాను. సాధకుడు గెలిచినాడు కావచ్చును. టిక్కెట్టు కొని వచ్చి కొయ్యగోడ అంచున వంగి నిలిచిన ఆ సామాన్యుడు ఓడినాడు.

ఓడినవాడు అతడొక్కడే కాదు. గురువు నాటకములు మానునప్పటికి చెష్లాక్ వయస్సు ముప్పది రెండు. శిక్షకుడుగా దేశదేశములు తిరిగినాడు. 1972లో ఓడిన్ నటులిద్దఱకు అతడు అభ్యాసము నేర్పుచుండగా తీసిన చిత్రము నేటికిని ఆంగికవిద్యార్థులకు పాఠ్యగ్రంథము. కాని ఆ రాజకుమారుని వంటి పాత్ర మరల రాలేదు. తుదకు పీటర్ బ్రూక్ 1985లో మహాభారతమును రంగమునకెక్కించినప్పుడు అతనిని పిలిచి ధృతరాష్ట్రుని వేషమిచ్చెను. మన పద్యనాటకముల ధృతరాష్ట్రుడు సభలో ఒక మూల కూర్చుండి రాయబారపు పద్యములు వినువాడు. చెష్లాక్ ధృతరాష్ట్రుడు చూపులేని రాజు. అతని మెడ ధ్వని వచ్చినవైపునకు మెల్లగ తిరుగును, పుత్రునికై చాచిన చేయి ఎదుటివాని యొడలు తగులకముందే వెనుకకు వచ్చును. ఒకప్పుడు సర్వాంగములతో జ్వలించిన దేహము ఆ మెడతోను, ఆ చేతితోను సరిపెట్టుకొన్నది. 1989లో ఆ నాటకము చలనచిత్రముగా వచ్చినది గనుక కుతూహలము గలవారు చూడవచ్చును. అతడు మఱుసటి యేడు హ్యూస్టన్ నగరమున కాలధర్మము నొందెను.